ఆదిలాబాద్ గోండులు: ‘కోయితూర్’ల చరిత్ర, సంస్కృతి

ఏటా పుష్య అమావాస్య రాత్రి ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు నాగోబాకు మహాపూజ చేస్తారు. అందుకు కావలసిన గోదావరి నీటిని జన్నారం మండలంలోని హస్తిన మడుగు నుంచి కాలినడకన తెస్తారు. పూజ జరిగిన కొద్ది రోజులకే, జాతర ఇంకా కొనసాగుతుండగా, అదే ఆవరణలో మరొక సభ కొలువుదీరుతుంది. జిల్లా కలెక్టరు, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ అధికారులు, ప్రజాప్రతినిధులు వరుసగా కూర్చుంటారు. చుట్టుపక్కల గూడేల పెద్దలు భూమి, నీరు, రోడ్డు, బడి గురించిన అర్జీలు వారి ముందు పెడతారు. దీనినే నాగోబా దర్బారు అంటారు.

దేవుడి జాతరలో ప్రభుత్వ దర్బారు ఎందుకన్న ప్రశ్న కొత్తగా వచ్చినవారికి సహజంగానే కలుగుతుంది. దానికి సమాధానం 1940లో జోడేఘాట్ కొండల్లో జరిగిన ఒక విషాదంలో ఉంది. తమ మాట వినమని అడిగిన ప్రజలకు తుపాకీ సమాధానమైన రోజులవి. ఆ విషాదం తరువాతే పాలకులు గోండుల మధ్యకు వెళ్లి వారి మాట వినడం మొదలైంది. గోండుల చరిత్రను, సంస్కృతిని అర్థం చేసుకోవడానికి ఈ రెండు ఘట్టాలూ తెలియాలి.

పేరు, భాష

గోండులు తమను తాము ‘కోయితూర్’ అని పిలుచుకుంటారు. ఆ మాటకు వారి భాషలో మనుషులు, ప్రజలు అని అర్థం. ‘గోండు’ అన్నది ఇతరులు పెట్టిన పేరు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, ఒడిశా, తెలంగాణ తదితర రాష్ట్రాలలో విస్తరించిన గోండుల జనాభా 2011 లెక్కల ప్రకారం కోటి ముప్పై లక్షల పైమాటే. అయితే గోండీని మాతృభాషగా నమోదు చేసుకున్నవారు సుమారు 30 లక్షల మంది మాత్రమే. మిగిలినవారిలో అత్యధికులు హిందీ, మరాఠీ, ఛత్తీస్‌గఢీ వంటి ఇరుగుపొరుగు భాషల్లోకి మారిపోయారు. తెలంగాణలో గోండులు ప్రధానంగా ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో, అంటే నేటి ఆదిలాబాద్, కుమురం భీం ఆసిఫాబాద్, నిర్మల్, మంచిర్యాల జిల్లాలలో నివసిస్తున్నారు. వీరిని రాజ్‌గోండులని కూడా వ్యవహరిస్తారు.

గోండీ ద్రావిడ భాష. భాషావేత్తలు దానిని తెలుగుతో కలిపి దక్షిణ మధ్య ద్రావిడ శాఖలో చేర్చారు. కువి, కొండ భాషలు కూడా ఈ శాఖలోనివే. వారి ‘ఏర్’ అంటే నీరు, మన ‘ఏరు’కు అది తోబుట్టువు. అంకెల్లోనూ ఆ చుట్టరికం వినిపిస్తుంది. మన నాలుగు వారికి ‘నాలుంగ్’, మన ఆరు ‘సారుంగ్’, మన ఏడు ‘ఏరుంగ్’. మైదానంలోని తెలుగువారికి అడవిలోని గోండు భాష పరాయిది అనిపించవచ్చు. నిజానికి అది ఒకే ఇంట పుట్టి వేరుపడిన భాష.

రాజ్యాలు, కోటలు

అడవుల్లో ఉండేవారికి రాజ్యాల చరిత్ర ఉండదన్న అపోహ గోండుల విషయంలో నిలవదు. మధ్య భారతాన్ని శతాబ్దాల తరబడి గోండు రాజవంశాలు పాలించాయి. గఢా మండ్లా, దేవ్‌గఢ్, ఖేర్లా, చాందా వాటిలో ముఖ్యమైనవి. గఢా రాజ్యాన్ని పాలించిన రాణి దుర్గావతి 1564లో అక్బరు సేనలతో పోరాడి ప్రాణత్యాగం చేశారు. నాగపూర్ నగరాభివృద్ధికి పునాది వేసింది దేవ్‌గఢ్ పాలకుడు బఖ్త్ బులంద్ షా.

ఆదిలాబాద్ గోండుల చరిత్ర చాందాతో, అంటే నేటి మహారాష్ట్రలోని చంద్రపూర్‌తో ముడిపడి ఉంది. బల్లార్షా, చాందా రాజధానులుగా సాగిన ఆ రాజ్య ప్రభావం ప్రాణహిత, పెన్‌గంగ నదులకు ఈవలి ప్రాంతానికి కూడా విస్తరించింది. 1751లో నాగపూర్ భోంస్లేలు చాందాను ఆక్రమించుకోవడంతో ఆ రాజవంశ పాలన ముగిసింది. ఉట్నూరు, సిర్పూరు కోటలు నాటి ప్రాభవానికి గుర్తులుగా మిగిలాయి. అనంతరం ఈ ప్రాంతం హైదరాబాద్ నిజాం రాజ్యంలో భాగమైంది. 1857 తిరుగుబాటు కాలంలో నిర్మల్ ప్రాంతంలో రాంజీ గోండు నాయకత్వాన సాయుధ ప్రతిఘటన సాగింది. ఆయనను, అనుచరులను నిర్మల్‌లో ఒక మర్రిచెట్టుకు ఉరితీశారని ఈ ప్రాంత ప్రజలు స్మరించుకుంటారు. ఆ చెట్టు ‘వెయ్యి ఉరుల మర్రి’గా ప్రసిద్ధి పొందింది.

సగలు, పేన్‌లు, ప్రధాన్‌లు

గోండు సమాజం నాలుగు సగలుగా ఏర్పడి ఉంది. నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల నుంచి పుట్టినవారిగా చెప్పుకొనే ఈ సగల లోపల మెస్రం, ఆత్రం, కుమ్ర, పుర్క వంటి ఇంటిపేర్లున్న వంశాలు ఉంటాయి. ఒకే సగకు చెందినవారు తోబుట్టువులతో సమానం, వారి మధ్య వివాహం నిషిద్ధం. కొత్త వ్యక్తిని కలిసినప్పుడు ఇంటిపేరు, సగ తెలుసుకుంటే చాలు, ఆ వ్యక్తిని అన్న అనాలో బావ అనాలో తేలిపోతుంది.

దేవుడిని గోండీలో ‘పేన్’ అంటారు. ప్రతి వంశానికీ ‘పెర్సా పేన్’ అనే మహాదేవుడు ఉంటాడు. గోండు దేవతలను గుహ నుంచి విడిపించి, సగలుగా విభజించి, ధర్మాన్ని బోధించిన సంస్కృతి పురుషుడు పహండి కుపార్ లింగల్ అని వారి పురాణం చెబుతుంది. దేవతలకు తల్లిగా జంగుబాయిని కొలుస్తారు. ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో మహారాష్ట్ర సరిహద్దున ఉన్న జంగుబాయి గుహకు పుష్యమాసంలో రెండు రాష్ట్రాల భక్తులూ వస్తారు.

ఈ పురాణాలను, వంశచరిత్రలను తరతరాలుగా కాపాడినవారు ప్రధాన్‌లు, తోటీలు. ప్రధాన్ కుటుంబాలు నిర్ణీతమైన గోండు వంశాలతో అనుబంధం కలిగి ఉంటాయి. ‘కింగ్రి’ అనే తంత్రీవాద్యాన్ని వాయిస్తూ వారు రాత్రంతా వంశగాథను గానం చేస్తారు. పెర్సా పేన్ పూజ ప్రధాన్ లేనిదే జరగదు. గాయకుడు మరణిస్తే, అతని గాథ నేర్చినవారు లేకపోతే, ఆ వంశం తన చరిత్రలో కొంత భాగాన్ని కోల్పోయినట్లే.

దేవతామూర్తులను, గంటలను ఇత్తడితో పోతపోసేవారు ఓజాలు. మైనంతో నమూనా చేసి, దానిపై మట్టి పూసి, కాల్చి, కరిగిన మైనం స్థానంలో లోహాన్ని నింపే డోక్రా పద్ధతి వారిది. జైనూర్ మండలం ఉషేగావ్ దీనికి పేరుపొందింది. ఆదిలాబాద్ డోక్రా కళకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

దండారి, గుస్సాడి

పంట చేతికి వచ్చే దీపావళి వేళ గోండు గూడేలలో దండారి మొదలవుతుంది. నెమలి ఈకలతో చేసిన పెద్ద కిరీటం, దానికి జింక కొమ్ములు, ఒంటికి బూడిద, భుజాన జంతుచర్మం, చేతిలో కర్రతో గుస్సాడీలు నాట్యమాడతారు. దీక్షలో ఉన్నన్నాళ్లు వారిని దేవతాంశగా భావించి గౌరవిస్తారు, వారు స్నానం చేయరు. ఒక గూడెం బృందం మరొక గూడేనికి అతిథిగా వెళుతుంది. సాధారణంగా వియ్యమందగల సగవారి ఊళ్లకే ఈ ప్రయాణం. ఆతిథ్యం, ఆట, పాట, కొత్త పెళ్లిళ్ల మాటలు అన్నీ ఆ కొద్ది రోజుల్లోనే జరుగుతాయి. ‘కోలాబోడి’తో ఉత్సవం ముగుస్తుంది.

ఈ నాట్యాన్ని బయటి ప్రపంచానికి పరిచయం చేసిన మార్లవాయి వాసి కనకరాజుకు కేంద్ర ప్రభుత్వం 2021లో పద్మశ్రీ ప్రకటించింది. ఆయన 2024 అక్టోబరులో కన్నుమూశారు.

నాగోబా జాతరలో మరొక ముఖ్య ఘట్టం ‘భేటింగ్’. మెస్రం వంశానికి ఆ ఏడాది కోడళ్లుగా వచ్చినవారిని తెల్లచీరల్లో తీసుకువచ్చి దేవునికి, పెద్దలకు పరిచయం చేస్తారు. ఈ పరిచయం జరిగాకే వారికి వంశ పూజలలో పాల్గొనే అర్హత కలుగుతుంది. కేస్లాపూర్‌లోని కొత్త రాతి ఆలయాన్ని మెస్రం వంశీయులు సొంత విరాళాలతో నిర్మించుకుని 2022 డిసెంబరులో ప్రారంభించుకున్నారు.

అడవికి గీత, జోడేఘాట్‌లో తుపాకీ

గోండుల జీవితం కొన్నాళ్లు ఒకచోట సాగుచేసి, నేల అలసితే మరొకచోటికి కదిలే పద్ధతిపై నడిచేది. నిజాం ప్రభుత్వం అడవులకు సరిహద్దులు గీసి రిజర్వు చేయడంతో బీడు వదిలిన భూములు, కొన్నిచోట్ల ఊళ్లు సైతం అడవి గీత లోపల చిక్కుకున్నాయి. 1920వ దశకం చివరికి కాజీపేట, బల్లార్షాల మధ్య రైలుమార్గం పూర్తి కావడంతో మైదానాల నుంచి రైతులు, వ్యాపారులు తరలివచ్చారు. పట్టాలు లేని శివాయి జమా భూములను దున్నుతున్న గోండులు క్రమంగా సొంత ఊళ్లలోనే కౌలుదార్లుగా, కూలీలుగా మారారు. పట్టా కావాలంటే ఉర్దూలో నడిచే కచేరీలకు వెళ్లాలి. వారి మాట అక్కడ అర్థం కాదు, అక్కడి కాగితం వారికి అర్థం కాదు.

ఆసిఫాబాద్ సమీపంలోని సంకేపల్లిలో జన్మించిన కుమురం భీం ఈ అన్యాయాన్ని చూస్తూ పెరిగారు. జోడేఘాట్ పరిసరాల్లోని 12 గూడేల ప్రజలు సాగుచేస్తున్న భూమిపై హక్కు కోసం ఆయన అధికారులను వేడుకున్నారు. హైదరాబాద్ వరకు వెళ్లి మొర వినిపించేందుకు ప్రయత్నించారు. ఫలితం లేకపోవడంతో ఆ కొండలపైనే ప్రతిఘటనకు దిగారు. ‘జల్, జంగల్, జమీన్’ నినాదం ఆయన పేరుతో చిరస్థాయిగా నిలిచింది. 1940లో పోలీసు బలగాలు జోడేఘాట్‌ను ముట్టడించి జరిపిన కాల్పుల్లో భీం, పలువురు అనుచరులు నేలకొరిగారు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమినాడు అక్కడ వర్ధంతి జరుపుతారు. 2016లో ఏర్పడిన ఆసిఫాబాద్ జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

మార్లవాయిలో మొదలైన మార్పు

ఈ తిరుగుబాటుకు కారణమేమిటో తెలుసుకోవాలని నిజాం ప్రభుత్వం భావించింది. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అప్పటికే హైదరాబాద్ సంస్థానంలో చెంచులపై పరిశోధన చేస్తున్నారు. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్య నివసించారు, గోండీ నేర్చుకున్నారు. తగాదా మూలం భూమిలో ఉందని, దానిని పోలీసులు పరిష్కరించలేరని ప్రభుత్వానికి నివేదించారు.

ఆయన సూచనలపై వేల ఎకరాలకు పట్టాలు ఇచ్చారు. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. గోండు యువకులకే శిక్షణ ఇచ్చి, దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారుచేసి, వారి ఊళ్లలోనే బడులు తెరిచారు. నాగోబా జాతరలో దర్బారు కూడా ఆ దశకంలోనే, ఆయన చొరవతోనే మొదలైంది. వేలమంది గోండులు ఎలాగూ ఒకచోట చేరతారు కనుక, వారు కచేరీ చుట్టూ తిరిగే బదులు కచేరీయే వారి వద్దకు రావాలన్నది దాని ఉద్దేశం.

‘ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ పేరుతో ఆయన 1948లో వెలువరించిన గ్రంథం నేటికీ ప్రామాణికం. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో మరణించగా మార్లవాయిలో సమాధి చేశారు. 1995లో లండన్‌లో మరణించిన హైమండార్ఫ్ అవశేషాలను అనంతరం ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరిలో మార్లవాయి ప్రజలు ఆ సమాధుల వద్ద నివాళులర్పిస్తారు.

చట్టాలు, ఇంద్రవెల్లి, ఆ తరువాత

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక రక్షణ కల్పించింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణకు వర్తించాయి. 1970 సవరణతో షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకు బదలాయించడం పూర్తిగా నిషిద్ధమైంది. దేశంలోని గిరిజన భూరక్షణ చట్టాల్లో ఇది గట్టిదని పేరు. అయినా అమలు మాత్రం చట్టమంత గట్టిగా సాగలేదు.

1981 ఏప్రిల్ 20న భూసమస్యలపై ఇంద్రవెల్లిలో తలపెట్టిన సభకు వచ్చిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపారు. 13 మంది మరణించినట్లు ప్రభుత్వం ప్రకటించింది. మృతుల సంఖ్య అంతకు ఎన్నోరెట్లు ఎక్కువని పౌరహక్కుల సంఘాలు పేర్కొన్నాయి. అక్కడి స్తూపం వద్ద ఏటా జరిగే సంస్మరణ చాలా ఏళ్లు ఆంక్షల నడుమ సాగింది.

2006 అటవీ హక్కుల చట్టం సాగులో ఉన్న అటవీ భూములపై హక్కును గుర్తించింది. 2023 జూన్ 30న రాష్ట్ర ప్రభుత్వం ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీని ప్రారంభించింది. రాష్ట్రవ్యాప్తంగా నాలుగు లక్షలకు పైగా ఎకరాలకు ఈ పట్టాలు ఉద్దేశించారు. మరోవైపు పులుల సంరక్షణకు సంబంధించిన నిర్ణయాలు గూడేలలో కొత్త ఆందోళనకు దారితీస్తున్నాయి. కవ్వాల్ అభయారణ్యం 2012లో పులుల రక్షిత ప్రాంతమైంది. కవ్వాల్‌ను మహారాష్ట్రలోని తాడోబాతో కలిపే అటవీ మార్గాన్ని కుమురం భీం పేరుతో సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ 2025 మే నెలలో ఉత్తర్వు వెలువడింది. తమను సంప్రదించలేదంటూ ఆదివాసీలు నిరసన తెలపడంతో ఆ ఏడాది జులైలో ప్రభుత్వం దానిని నిలిపివేసింది. భీం పేరు పెట్టిన ఉత్తర్వుపైనే భీం వారసులు అభ్యంతరం చెప్పవలసి రావడం గమనార్హం.

కెనడాలో ‘డెనే’ల అనుభవం

ఇటువంటి చరిత్ర గోండులకే పరిమితం కాదు. కెనడా వాయవ్య ప్రాంతంలోని మెకంజీ నదీ లోయలో నివసించే మూలవాసులు తమను ‘డెనే’ అని పిలుచుకుంటారు. ఆ మాటకు కూడా ప్రజలు అనే అర్థం. దుప్పుల వేటపై, చేపలపై ఆధారపడిన ఆ జాతులతో కెనడా ప్రభుత్వం 1899లో, 1921లో ఒప్పందాలు కుదుర్చుకుంది. రెండో ఒప్పందానికి ఏడాది ముందే ఆ ప్రాంతంలో చమురు బయటపడింది. అది స్నేహ ఒప్పందమని డెనేలు భావించగా, భూమి తమ పరమైందని ప్రభుత్వం వాదించింది.

1970వ దశకంలో ఆ లోయ గుండా గ్యాస్ పైపులైను వేయాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు న్యాయమూర్తి టామస్ బర్జర్ నేతృత్వంలో విచారణ సంఘం ఏర్పడింది. ఆయన మూలవాసుల ఊరూరికీ వెళ్లి సాక్ష్యాలు సేకరించారు. కెనడా ప్రజా ప్రసార సంస్థ ఆ విచారణను ఇంగ్లిషుతో పాటు మూలవాసుల భాషల్లోనూ రేడియోలో వినిపించింది. ఒక ఊరి వృద్ధుడు చెప్పిన మాట వందల కిలోమీటర్ల దూరంలోని మరో ఊరికి వారి భాషలోనే చేరింది. పైపులైనును పదేళ్లు ఆపాలని, ముందు భూమి హక్కులు తేల్చాలని 1977లో బర్జర్ సిఫారసు చేశారు. నేడు కెనడా వాయవ్య ప్రాంతంలోని 11 అధికార భాషల్లో అయిదు డెనే భాషలే.

లిపి దొరికింది, గుర్తింపు రావాలి

ఆ పోలికలో చూస్తే గోండీ స్థితి భిన్నం. 30 లక్షల మంది మాట్లాడే గోండీకి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఇప్పటికీ చోటు లేదు. ఆరు రాష్ట్రాలలో ఉన్నందున ఒకచోట దేవనాగరిలో, మరోచోట తెలుగులో రాస్తున్నారు. బాలాఘాట్‌కు చెందిన మున్షీ మంగళ్‌సింగ్ మసారాం 1918లో గోండీకి ఒక లిపి రూపొందించారు. ఆదిలాబాద్ జిల్లా నార్నూరు మండలం గుంజాలలో అంతకు ముందే మరొక లిపి ఉండేదని 2006లో వెలుగులోకి వచ్చింది. ఆ ఊళ్లో లభించిన చేతిరాత ప్రతులను జయధీర్ తిరుమలరావు నేతృత్వంలో హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించారు. అవి 1750 ప్రాంతానివని అంచనా. మసారాం లిపికి 2017లో, గుంజాల లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. ఇప్పుడు కంప్యూటర్లలోనూ ఆ అక్షరాలు రాయవచ్చు.

లిపి ఉన్నంత మాత్రాన భాష నిలవదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి గోండీ, కొలామీ, కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక పాఠాలు ప్రవేశపెట్టారు. ఇంట గోండీ మాట్లాడే బిడ్డకు బడిలో తొలి పాఠం తెలిసిన మాటల్లో అందాలన్నదే ఆ ప్రయత్నం ఉద్దేశం. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం గోండీ, కొలామీ కార్యక్రమాలను ప్రసారం చేస్తోంది. చదువురాని ముసలివారికి సైతం బయటి లోకపు వార్త సొంత భాషలో చేరే మార్గం అదే. తొడసం కైలాస్ వంటి ఉపాధ్యాయులు తెలుగు లిపిలో గోండీ రచనలు చేస్తూ, కొత్త సాంకేతికతతో పాటలు రూపొందిస్తూ యువతను ఆకట్టుకుంటున్నారు. గూడేలలో తగాదాలను రాయి సెంటర్ల పెద్దలు నేటికీ గోండీలోనే విచారించి తీర్పు చెబుతున్నారు.

కేస్లాపూర్ దర్బారులో ఇచ్చిన అర్జీలన్నీ పరిష్కారమయ్యాయని ఎవరూ చెప్పరు. ఏటా అవే సమస్యలు తిరిగి వినిపిస్తున్నాయన్న విమర్శ కూడా ఉంది. అయినా ప్రతి పుష్యమాసంలో పెద్దలు కాగితాలు పట్టుకుని వస్తూనే ఉన్నారు. 1940లో భీం అడిగింది కూడా ముందుగా ఒక విచారణనే. ఆ విచారణ వారికి తెలిసిన భాషలో జరగడం, విన్న మాటపై నిర్ణయం వెలువడడం, ఆ నిర్ణయం గూడెం దాకా చేరడం కోసం కోయితూర్‌లు ఇంకా ఎదురుచూస్తున్నారు.